మొదటి పిడికెడు

(చదువవలసిన వాక్యభాగములు: 1 రాజులు 17:8–16, లూకా 14:15–24, మత్తయి 6:25–34)



మన నూజివీడు ప్రాంతములో సంవత్సరమును లెక్కించుటకు గోడమీది క్యాలెండరు అక్కరలేదు. మామిడి చెట్టే చాలును. క్రిస్మసు ఆరాధనలు ముగిసి క్రొత్త సంవత్సరము ప్రవేశించునప్పటికి తోటలలో పూత కనబడును. అప్పటినుండి మన మనస్సు చెట్టుమీదనే యుండును. మంచు ఎక్కువైనదా, తేనెమంచు పురుగు పట్టినదా, పూత మాడిపోవుచున్నదా, పిందె నిలిచినదా అని రాత్రింబగళ్లు ఇదే ఆలోచన. శ్రమల దినములలో మనము గుడికి పోయి మోకరించినను, చెవి మాత్రము బయట గాలి శబ్దము మీదనే యుండును. ఈస్టరు దాటిన తరువాత ఇక చెప్పనే అక్కరలేదు. రసాలు, బంగినపల్లి, తోతాపురి ఒకదాని వెంట నొకటి కోతకు వచ్చును. చిక్కములు, గంపలు, ట్రేలు, లారీలు, కూలి లెక్కలు, నున్న మార్కెట్టు ధరలు ఇవియే మన ఉదయకాలపు మాటలు. సాయంత్రము మబ్బు పట్టినచో గుండె ఝల్లుమనును. ఒక్క ఈదురుగాలికి ఏడాది కష్టమంతయు నేలపాలగును గదా!

ఈ చింతలను మేము తేలికగా మాట్లాడుట లేదు. అప్పు తెచ్చి మందు కొట్టినవాడు ఆకాశమువైపు చూడక ఏమి చేయును? తోట గుత్తకు తీసికొనినవాడు, రోజుకూలికి కాయ కోయువాడు, రాత్రులు గుడిసెలో కావలి యుండువాడు, వీరందరికి ఆ రెండు నెలలే సంవత్సరపు అన్నము. అయినను ఒక మాట ఒప్పుకొనవలసియున్నది. కొన్ని ఏండ్ల క్రిందట మే నెలలో ఒక ఆదివారమున మా గుడిలో ముసలివారును చిన్నపిల్లలును తప్ప మరెవరును కనబడలేదు. మేమైనను వేళకు వచ్చితిమా? బేరము తెమలక, రెండవ పాట పాడుచుండగా చెమటతో వచ్చి వెనుక కూర్చుంటిమి. కానుక పట్టినప్పుడు జేబు తడిమితిమి. కూలీలకు, లారీకి, తాడుకు, ట్రేలకు ఇయ్యగా మిగిలిన చిల్లర చేతికి తగిలెను. దానిని వేసితిమి. ఆ దినమున మేము దేవుని మరచిపోలేదు. ఆయనను వరుసలో చివర నిలువబెట్టితిమి, అంతే. అయితే ఈ రెంటికిని భేదమెంత?

లూకా సువార్తలో గొప్ప విందుకు పిలువబడినవారిని చూడుడి. ఒకడు పొలము కొన్నాడు, ఒకడు ఎడ్లను కొన్నాడు, ఒకడు పెండ్లి చేసికొన్నాడు. వీటిలో ఏదియు పాపము కాదు. వారు దొంగతనమునకు పోలేదు, త్రాగుటకు పోలేదు. మంచి పనులే వారిని విందుకు దూరము చేసెను. మనలను దేవునినుండి మెల్లగా తప్పించునవి చాలవరకు ఇట్టి మంచి పనులే.

ఈ సంగతిని ధ్యానించుచు, మన తెలుగు సంఘములకు బాగుగా తెలిసిన ఒక దైవజనుని జీవితమును ఈ నెల మీ యెదుట నుంచగోరుచున్నాము. ఆయనే దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. వారు గతించి ఎనుబది ఏండ్లు దాటినవి. అయినను కృష్ణా మండలపు పల్లెలలో తాతలనాటి మాటలు చెప్పుకొనునప్పుడు వారి పేరు నేటికిని వినబడుచున్నది. మన జిల్లాలలోని అనేక సంఘములు ఒకప్పుడు వారి పరిపాలన క్రింద నున్నవే.

అజరయ్యగారు తెలుగువారు కారు. తమిళ దేశములో తిరునెల్వేలి ప్రాంతమందలి వెళ్లాళన్‌విళై అను చిన్న గ్రామములో 1874వ సంవత్సరము ఆగస్టు 17న జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగంగారు హిందూ కుటుంబమునుండి ప్రభువును నమ్ముకొని, ఆ గ్రామ సంఘమునకు గురువైరి. తల్లి ఎల్లెన్‌గారు. కుమారుని కొరకు చాలా ఏండ్లు ప్రార్థించి కనిపెట్టిన తల్లి యామె. గనుక హన్నా కుమారుని పేరే బిడ్డకు పెట్టిరి. 1889లో తండ్రి చనిపోయినప్పుడు పిల్లవానికి సుమారు పదునైదేండ్లే. గ్రామ గురువు ఇంటిలో ఆస్తులేముండును? తల్లి భక్తియు క్రమశిక్షణయే ఆయనకు దక్కిన స్వాస్థ్యము.

తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి. గణితశాస్త్రములో పట్టా పరీక్షకు సిద్ధపడుచుండగా జబ్బు పడి పరీక్ష వ్రాయలేకపోయిరి. తిరిగి వ్రాయుటకును పోలేదు. ఆ కాలములో పట్టా యనగా సర్కారు ఉద్యోగము, జీతము, పరువు. మన ఇండ్లలో బిడ్డకు ఒక పరీక్ష తప్పినచో ఇల్లంతయు చీకటి కమ్మినట్లుండును. అజరయ్యగారు మాత్రము 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా సేవలో ప్రవేశించి, పదునాలుగేండ్లు దక్షిణ దేశమంతయు తిరుగుచు యౌవనస్థుల మధ్య పని చేసిరి. పట్టా లేని ఆ మనిషికే 1920లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టము నిచ్చెను. అయితే దానిని వెదకి వారు పోలేదు. పోయిన త్రోవలో అది ఎదురు వచ్చెను.

1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహము చేసికొనిరి. దక్షిణ దేశములో కళాశాల చదువు చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఆమె యొకరు. తరువాతి కాలములో దోర్నకల్ పల్లెలలోని స్త్రీల మధ్య జరిగిన సేవలో ఆమె పాలు చాలా గొప్పది. వారికి నలుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు కలిగిరి. ఆరుగురు పిల్లలున్న ఇంటిలో తీరిక ఎంత యుండునో మన తల్లులకు మేము చెప్పనక్కరలేదు.

1902లో అజరయ్యగారు సింహళ ద్వీపములోని యాళ్పాణమునకు, అనగా జాఫ్నాకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో తమవారినే ఇతర స్థలములకు సువార్తికులుగా పంపుచుండుట చూచిరి. అది వారి మనస్సును గ్రుచ్చెను. తిరునెల్వేలి సంఘము పెద్దది, పాతది, గుడులు బడులు కలది. అయితే తన్ను తాను పోషించుకొనుటతోనే తృప్తిపడి, ఇంకను సువార్త వినని వారిని గూర్చి మరచినది. సంఘము సహితము తన పనులలోనే మునిగి తన ప్రభువును రెండవ స్థానమునకు త్రోయగలదని వారికి అప్పుడు తెలిసెను. తిరిగి వచ్చి ఊరకుండలేదు. 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి భారత మిషనరీ సంఘము ఏర్పడెను. అది భారతీయుల ధనముతో, భారతీయ సేవకులతో నడుచు మిషను. ఆ సంఘము తన పని కొరకు ఏర్పరచుకొన్న పొలము మన తెలుగు దేశమే. నాడు నిజాము ఏలుబడిలో నున్న దోర్నకల్ పరిసరములకు తమిళ క్రైస్తవుల పిడికిళ్లనుండి కానుకలు వచ్చినవి. 1905లో క్రిస్మసు నాడు శ్రీరాంపూరులో జాతీయ మిషనరీ సంఘము స్థాపింపబడినప్పుడును అజరయ్యగారు అందులో ముఖ్యులై యుండిరి.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఇతరులను పంపుచున్న మనిషి తాను ఎందుకు పోకూడదు? ఈ ప్రశ్న వారిని వదలలేదు. అప్పటికి వారు పేరు పొందిన వక్త. 1907లో జపాను దేశపు టోక్యో నగరములో జరిగిన క్రైస్తవ విద్యార్థుల మహాసభకు వెళ్లి వచ్చిన నాయకులు. పట్టణములు వారిని కోరుచుండెను. అయినను 1909లో, ముప్పదియైదవ యేట, ఆ పని విడిచి, గురువుగా అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్‌కు వచ్చిరి. అప్పుడు దోర్నకల్ అనగా ఒక రైలు కూడలి, చుట్టును అడవి, దూర దూరముగా బీద పల్లెలు. మొదట నివసించుటకు ఇల్లు కూడ లేక డేరాలోనే యుండిరి. ఆ వయస్సులో క్రొత్తగా తెలుగు అక్షరములు దిద్దుకొనిరి. వేదికలమీద వేలమందితో మాటలాడిన నోరు, మన పిల్లలవలె తెలుగు పలుకులు తడబడుచు నేర్చుకొనెను.

దేవుని మొదట ఉంచుట యనగా హృదయములో కలుగు ఒక మంచి భావమని మనము తలంతుము. అజరయ్యగారి జీవితములో అది ఒక ప్రయాణము, ఒక డేరా, ఒక క్రొత్త భాష.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని పరిశుద్ధ పౌలు దేవాలయములో వారు బిషపుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషపగుట అదే మొదటిసారి. తెల్లదొరలు ఏలుచున్న దినములవి. ఇది తగునా, ఒక భారతీయుడు ఈ భారము మోయగలడా అని సందేహించినవారు దొరలలోనే కాదు, మనవారిలోను ఉండిరి. అధ్యక్ష మండలము మొదట చిన్నదే. 1920 తరువాతి కాలములో కృష్ణా ప్రాంతపు సంఘములు కూడ చేరి అది మిక్కిలి పెరిగెను. పల్లెలు పల్లెలుగా జనులు బాప్తిస్మము కొరకు వచ్చుచుండిరి. వీరికి బోధింపవలెను, ఉపదేశులను తర్ఫీదు చేయవలెను, గురువులను అభిషేకింపవలెను, తగవులు తీర్పవలెను, ఉత్తరములకు జవాబులు వ్రాయవలెను. ఇదిగాక దేశ క్రైస్తవ సభకు అనేక సంవత్సరములు అధ్యక్షులు. 1910లో ఎడిన్‌బరో, 1927లో లోసాను, 1938లో తాంబరము మొదలగు మహాసభలలో వారి మాట వినబడెను. 1919లో తరంగంబాడిలో సంఘముల ఐక్యత కొరకు మొదలైన ప్రయత్నములో వారు ముందు నిలిచిరి.

ఇంత పని గల మనిషికి దేవుని కొరకు సమయ మెక్కడిది? వారు సమయము దొరకునని కాచుకొనలేదు. దొరకదని వారికి తెలియును. గనుక మొదటి గంటను ఎవరును అడుగక ముందే తీసి ప్రక్కన నుంచిరి. తెల్లవారకముందే లేచి, వాక్యధ్యానములోను విజ్ఞాపనలోను గడిపి, ఆ తరువాతనే పనికి దిగుచుండిరి. తమ క్రింద పనిచేయు సేవకుల కొరకును సంఘముల కొరకును క్రమముగా ప్రార్థించుచుండిరి. రైలులో, ఎడ్లబండిలో, సైకిలుమీద పల్లెలు తిరుగు దినములలోను ఆ క్రమము సాగెను. అరణ్యములో ఇశ్రాయేలీయులు మన్నాను ఉదయముననే కూర్చుకొనవలసి యుండెను. ఎండ ముదిరినచో అది కరగిపోవును (నిర్గమ 16). దినములోని మొదటి గంటయు అట్టిదే. మనము దానిని పట్టుకొననియెడల అది మన కొరకు నిలువదు.

ఇప్పుడు మా శీర్షికలోని పిడికెడు సంగతికి వచ్చుచున్నాము.

దోర్నకల్ మండలములోని క్రైస్తవులు ఎక్కువమంది కూలి చేసికొని బ్రదుకు బీదవారు. దొరికిన నాడు గంజి, దొరకని నాడు పస్తు. వీరివలన సంఘము పోషింపబడవలెనని అజరయ్యగారు బోధించిరి. చాలామందికి ఇది కఠినముగా తోచెను. ఆకలిగొన్నవారిని అడుగుట ధర్మమా? మిషను ధనము ఉన్నది గదా? ఈ ప్రశ్న న్యాయమైనదే. మేమును దీనిని తోసివేయము. బీదవాని చేతిలోనిది లాగుకొనుట దేవుని పని కాదు.

అయితే బిషపుగారు మరియొక ప్రక్క చూచిరి. ఎప్పుడును పుచ్చుకొనుటయే గాని ఇచ్చుట ఎరుగనివాడు ఎన్నటికిని తల ఎత్తి నిలువలేడు. తరతరములుగా ఊరివారి యెదుట చేయి చాచిన జనము దేవుని గుడిలో కూడ చేయి చాచియే యుండవలెనా? ఇయ్యగల హక్కును వారికి లేకుండ చేయుట వారిని మరల క్రిందనే కూర్చుండబెట్టుట కాదా? గనుక వారి యింటిలో నున్నదానినుండియే, వారికి చేతనైనంతయే, అయితే మొదట, తీసి దేవునికి ఇయ్యవలెనని నేర్పిరి.

ఆ పద్ధతి బహు సులువు. తల్లి అన్నము వండుటకు బియ్యము కొలుచునప్పుడు, ఎసటిలో పోయకముందు, ఒక పిడికెడు తీసి వేరుగా నున్న పాత్రలో వేయును. అది దేవుని పాలు. ఆదివారమున ఆ బియ్యము గుడికి వచ్చును. ఒక్క పిడికెడువలన ఇంటిలో ఎవరికిని ఆకలి పెరుగదు. ఒక్క యింటి బియ్యము వలన ఉపదేశికి భోజనమును జరుగదు. అయితే ఊరిలోని పాత్రలన్నియు ఒక్కచోట పోయబడినప్పుడు అది రాశి యగును. పంటకోత పండుగలలో ధాన్యము, కూరగాయలు, కోళ్లు, గ్రుడ్లు మొదలైనవి తెచ్చి దేవుని సన్నిధిని పెట్టుచుండిరి. నేటికిని మన గుడులలో కోత పండుగ నాడు గుమ్మడికాయకును కోడికిని వేలముపాట పాడునప్పుడు మనము నవ్వుకొందుము గాని, ఆ నవ్వు వెనుక ఎన్ని పస్తుల విశ్వాసమున్నదో మరువకూడదు. క్రైస్తవుడు ఇయ్యవలసిన విధమును గూర్చి బిషపుగారు ఒక పుస్తకము కూడ వ్రాసిరి.

ఆ పిడికెటిలో ఒక రహస్యమున్నది. దానిని వంటకు ముందు తీయవలెను. అందరు తిన్న తరువాత మిగిలినదానిలో తీసినచో అది దేవునికి ఇచ్చుట కాదు, పారవేయుదానిని గుడికి పంపుట. ముందు తీయునప్పుడు ఆ తల్లికి మిగిలినది చాలునో చాలదో తెలియదు. తెలియకయే తీయుచున్నది. అదే విశ్వాసము. సారెపతు విధవరాలికి ఏలీయా చెప్పినది ఇదియే గదా! తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె. అదే ఆమెకును బిడ్డకును కడపటి భోజనము. దైవజనుడు ఆమె రొట్టె అంతయు అడుగలేదు. ఒక చిన్న అప్పము అడిగెను. అయితే దానిని మొదట అడిగెను. దేవుడు చిన్నదానిని అంగీకరించును గాని, చివర మిగిలినదానితో ఆయనను సరిపెట్టజాలము. పెద్దదియా చిన్నదియా అనునది మన కలిమినిబట్టి యుండును. మొదటిదా చివరిదా అనునది మన ప్రేమనుబట్టి యుండును.

బియ్యము విషయములో నేర్పిన పాఠమునే సాక్ష్యము విషయములోను నేర్పిరి. బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తలమీద పెట్టుకొని, తాము ప్రభువు వారమైతిమనియు, ఆ సువార్తను ఇతరులకు చెప్పు భారము తమమీద నున్నదనియు ఒప్పుకొనునట్లు చేయుచుండిరి. చదువు వచ్చిన తరువాత, తీరిక దొరికిన తరువాత అని కాదు. ఏటేట సాక్ష్య వారము ఏర్పరచి, అక్షరము రాని కూలివారు, స్త్రీలు సహా ప్రక్క ఊళ్లకు పోయి తాము ఎరిగినంత చెప్పునట్లు ప్రోత్సహించిరి. కూలి పోగొట్టుకొని పోయినవారు ఎందరో! వారి మాటలకంటె వారి మారిన బ్రతుకే ఊరివారిని ఆశ్చర్యపరచెను. త్రాగుడు మానినవాడు, భార్యను కొట్టుట మానినవాడు ఏమి చెప్పినను జనులు వినిరి.

దోర్నకల్‌లో కట్టిన ప్రధాన దేవాలయము పూర్తియగుటకు అనేక సంవత్సరములు పట్టెను. పల్లెలలోని పని ఒక ప్రక్క, గుడి కట్టుబడి ఒక ప్రక్క, ధనమేమో కొద్ది. ఎట్టకేలకు 1939 జనవరి 6న, జ్ఞానులు బాలుడైన యేసు నొద్దకు వచ్చిన దినమును జ్ఞాపకము చేసికొను ప్రత్యక్షతా పండుగ నాడు, అది ప్రతిష్ఠింపబడెను. మన దేశపు కట్టడముల రీతులను కలిపి దానిని కట్టిరి. దానికి ఆ పండుగ పేరే పెట్టిరి. ఆ జ్ఞానులు దూర ప్రయాణము చేసి వచ్చి, శిశువు యెదుట సాగిలపడి, తమ పెట్టెలు విప్పిరి. బియ్యపు పాత్రలు విప్పిన పల్లె తల్లుల గుడికి అంతకంటె తగిన పేరేమున్నది?

1944 క్రిస్మసు కాలమువరకు బిషపుగారు విశ్రాంతి లేక తిరుగుచునే యుండిరి. పిమ్మట జ్వరము వచ్చి కొద్ది దినములలోనే, 1945 జనవరి 1న, దోర్నకల్‌లో ప్రభువు నందు నిద్రించిరి. సంవత్సరములోని మొదటి దినముననే వారి పిలుపు వచ్చెను. వారు ఎంతో కోరిన సంఘముల ఐక్యతను కన్నులార చూడలేదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘము ఏర్పడినప్పుడు వారు మన మధ్య లేరు. విత్తినవాడొకడు, కోయువాడొకడు. మామిడి టెంక నాటిన తాత ఫలము తిని పోవునా?

ప్రియులారా, ఇప్పుడు మన తోటలోనికి తిరిగి వత్తము.

అజరయ్యగారు మనకు చెప్పునది పనులు మానుమని కాదు. వారికంటె ఎక్కువ పని చేసినవారెవరు? మామిడి తోటను దేవుడే ఇచ్చెను. దానిని కాచుట, కోయుట, అమ్ముట కూడ ఆయన పనియే. అయితే ప్రతి దినములోను, ప్రతి వారములోను, ప్రతి కాపులోను ఒక మొదటి భాగమున్నది. దానిని ఎవరు ముందు పట్టుకొందురో వారే ఆ దినమునకు యజమానులగుదురు. నేడు మనము కన్ను తెరవగానే చేయి ఎక్కడికి పోవుచున్నది? తలగడ ప్రక్కనున్న సెల్ ఫోనుమీదికి. నిన్నటి ధర యెంత, ఎవరు ఏమి పంపిరి, లారీ ఎక్కడికి వచ్చినది? పది నిమిషములలో మన మనస్సు పదిచోట్ల అమ్ముడుపోవును. ఆ తరువాత బైబిలు తెరచినను అక్షరములు కనబడును గాని మాట వినబడదు. ఆ ఫోనును ముట్టుకొనక ముందు మోకాళ్లు నేలను ముట్టవలెను. పది నిమిషములైనను సరే. చిన్న అప్పమే; కాని మొదటిది.

ఆదివారమును గూర్చి ఒక మాట. తోట గుత్తదారులైనవారు, ఆసాములైనవారు తామొక్కరే గుడికి వచ్చి కూర్చుండుట చాలదు. మన తోటలో కూలి చేయు సహోదరుడు మన పనివలన ఆరాధనకు రాలేకపోయినచో, అతని ఆదివారమును మనము కోసికొని లారీకెత్తించినట్లే. ఆ రెండు గంటలు కోత ఆపినచో కొన్ని కాయలు ఎండకు వాడవచ్చును. ఆ నష్టమును యజమానుడు భరింపవలెను గాని కూలివానిమీద వేయరాదు. ఇక కావలి గుడిసె విడిచి రాలేనివాడు, ఇతరుల చేతిక్రింద నుండి సెలవు దొరకనివాడు తాను దేవునికి దూరమైతినని దిగులుపడనక్కరలేదు. తెల్లవారుజామున ఆ చెట్టు క్రిందనే తలవంచి ఆ దినమును ప్రభువునకు అప్పగించునెడల అదే అతని గుడి. సంఘపెద్దలును పాస్టరుగారును సాయంత్రము ఆ తోటలకే పోయి, నలుగురిని కూర్చుకొని, ఒక పాట పాడి, వాక్యము చదివినచో ఎంత బాగుండును! ఎడ్లబండిమీద అడవి పల్లెలకు పోయిన బిషపుగారి సంఘమునకు మోటారు సైకిలుమీద తోటకు పోవుట కష్టమా?

కానుకను గూర్చియు అంతే. కోత మొదలైన దినమున మొదటి గంప దిగగానే, బేరము తెలియకముందే, దానిలో కొన్ని మంచి కాయలు తీసి వేరుగా నుంచుడి. రాలినవి కాదు, మచ్చపడినవి కాదు. వాటిని వరిగడ్డిలో మాగవేసి గుడికి తెండి. సంఘములో తోట లేనివారు, విధవరాండ్రు, జబ్బుతో నున్నవారు ఉన్నారు; నూజివీటిలో పుట్టియు మంచి రసము నోట పెట్టని పిల్లలున్నారు. ఆ మొదటి పండ్లు వారికి చేరినప్పుడు దేవునికి చేరినట్లే. కాయ లేనివారు అజరయ్యగారి కాలపు తల్లులవలె పిడికెడు బియ్యము తీయవచ్చును. అదియు లేనివారు ఒక గంట సమయము తీయవచ్చును.

ఇట్లు చేసినచో కాపు తప్పక బాగుండునని, గాలివాన మన తోటను తప్పించుకొని పోవునని మేము చెప్పజాలము. దేవుని మొదట ఉంచినవారి తోటలలోను పిందె రాలును. బిషపుగారి పట్టా పోయెను, కోరిన ఐక్యతను చూడక కన్నుమూసిరి. అయితే ఇంతమాత్రము చెప్పగలము: మొదటి పిడికెడు దేవునిదని తీసి పెట్టినవాడు మిగిలినదానిని భయము లేక వండుకొనును. గాలి వచ్చినను అతనికి పోవునది కాయలే; దేవుడు పోడు. అన్నిటిని ముందు పట్టుకొని దేవునికి చివర చిల్లర మిగిల్చినవానికి కాపు విరగకాసినను మనశ్శాంతి యుండదు. ఇది మేము ఆ మే నెల ఆదివారమున, వెనుక బల్లమీద కూర్చుండి, జేబులోని చిల్లర తడుముచు నేర్చుకొన్న పాఠము.

ఈ యేటి పూత వచ్చుచున్నప్పుడే మన యిండ్లలో ఒక చిన్న పాత్ర వేరుగా పెట్టుదము. కాపు ఎట్లుండునో ఇంకను మనకు తెలియదు. తెలియకముందే పెట్టుదము.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మా తోటలను, మా పనులను, మా బిడ్డలను నీవే మాకు ఇచ్చితివి. నీవిచ్చినవాటితోనే నిన్ను వెనుకకు నెట్టిన మా తప్పిదమును క్షమింపుము. మా దినములోని మొదటి గంటను, మా యింటిలోని మొదటి పిడికెటిని, మా చెట్టులోని మొదటి ఫలమును నీకు సంతోషముతో ఇచ్చు మనస్సు దయచేయుము. మా చేతిక్రింద పనిచేయువారిని మరువకుండ చేయుము. నీ సేవకుడైన అజరయ్యగారి జీవితము కొరకు నిన్ను స్తుతించుచున్నాము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.